గోడను తిట్టని దర్జీ

తెల్లారగానే ఆ వీధిలో ఇళ్ల యజమానులంతా పళ్లు తోముకుని, పెరట్లోకి వెళ్లి, సరిహద్దు గోడను నాలుగు తిట్లు తిట్టి వస్తారు. "అక్కడే పడుండు, ఒక్క అంగుళం జరిగావో చూడు!" అంటే చాలు. అడిగే దిక్కు లేనివైపు గోడలు జరుగుతాయి మరి. అవి యజమాని మాటే వింటాయి. ఇంకెవరు అరిచినా వాటికి చెవుడే.

దర్జీ మాత్రం తిట్టేవాడు కాదు. గోడ అవతలి కాంట్రాక్టరు చిన్ననాటి స్నేహితుడు, వింటే నొచ్చుకుంటాడని మొహమాటం. ఆ మొహమాటంలో పెరటి కుళాయి అవతలికి పోయింది. బట్టలారేసే తీగా పోయింది. ఇప్పుడు గోడ కుట్టుమిషను గదిలోకి వచ్చి కూర్చుంది, మిషను వంటింట్లోకి చేరింది.

"ఏమండీ, ఇవాళైనా నోరు విప్పుతారా?" అంది భార్య.

"ఈ యూనిఫాంలు అయిపోనీ. రేపు తిడతాలే."

"మీ రేపుకి పెళ్లయి పిల్లలు కూడా పుట్టారు! నా మీద లేచే నోరు ఆ గోడ మీద లేవదేం?"

ఆవిడే ఒకసారి గొంతు పోయేదాకా తిట్టి చూసింది. ఇల్లు ఆవిడ పేరున లేదు కాబట్టి గోడ ఉలకలేదు, పలకలేదు.

కోటు కొలతలివ్వడానికొచ్చిన ప్లీడరు కూడా చెప్పాడు. "ఈ నెలాఖరులోగా తిడితే వెనక్కి పోతుంది, ఆ తర్వాత గడువు సరి. గోడకి వేళ్లు దిగాక ఆ జాగా వాళ్లదే. కోర్టుకెళ్లినా, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావయ్యా అంటారు."

దర్జీ బుద్ధిగా తలూపాడు. గోడ ముందుకి వెళ్లింది మాత్రం నెలాఖరు దాటిన మర్నాడు. ముందు గొణిగాడు. తర్వాత పెళ్లాం కూడా హడలిపోయేలా అరిచాడు. గోడ కదల్లేదు. అడుగున మట్టి గీరి చూస్తే తెల్లటి వేళ్లు. ఆయన అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆవిడకి తిట్టే ఓపిక కూడా లేకపోయింది. "మిగిలిన ఇల్లు నా పేరున రాయండి. పదండి, ఇప్పుడే."

మర్నాడు పొద్దున్నే ఆవిడ గోడకి ఎదురుగా నిలబడి, మొగుడి కోసం దాచుకున్న తిట్లన్నీ దానిమీద దులిపేసింది. ఆ వేళ్ల నుంచి ఇంకో గోడ మొలిచి ఇవతలికి జరగకుండా అది అక్కడే ఆగింది.

"ఏంటి చెల్లెమ్మా, పొద్దున్నే?" అవతల్నుంచి కాంట్రాక్టరు అడిగాడు.

"మిమ్మల్ని కాదన్నయ్యా, గోడని."

"తిట్టుకో తల్లీ, దానికేం! వాడెన్నడూ పల్లెత్తు మాట అనకపోతే, ఆ గది వాడికి అక్కర్లేదనే అనుకున్నాను. ఒక్క మాటంటే నేనే ఆపేవాణ్ని. ఇప్పుడు నేను పొమ్మన్నా అది పోదు."

వంటింట్లో మిషను చప్పుడు ఆగిపోయింది.