కలవని కొసలు

"కొసలు కలుస్తున్నయ్, బాలనర్సమ్మా!"

చెన్నయ్య ఆ మాట అనగానే ఇంట్లో టీవీ ఆగిపోయింది.

శిరీష నడుము మీద బొడ్డుకు కుడివైపున లేచిన ఎర్రటి దద్దు వెన్ను చుట్టి ఎడమవైపుకు వచ్చేసింది. మధ్యలో బెత్తెడు చర్మమే మిగిలింది. చెన్నయ్య ఎర్రమట్టి జాజు కలిపిన గిన్నెలో వేలు ముంచి, ఆ బెత్తెడు చోట పామును, దానికి అడ్డంగా కత్తిని గీశాడు. ఆయన శిరీష మామగారి అన్న. నాచారం పాత ఊళ్లో ఎవరికి సర్పి లేచినా బొమ్మ గీసేది ఆయనే.

"నీళ్లు తగలొద్దు. కొసలు కలిస్తే మనిషి దక్కది," అంటూ దండెం మీదున్న పాత చున్నీని లాగి, మడతపెట్టి, ఆమె నడుముకు బిగించాడు. "ఈ గుడ్డ గూడ మార్చొద్దు."

"సద్దుల బతుకమ్మ నాడు గల్లీ బతుకమ్మ ఎత్తేది నేనే గద, పెద్దమామా?"

"గడప దాటొద్దు," అత్త బాలనర్సమ్మ తేల్చేసింది. "పానం ముఖ్యమా, పండుగ ముఖ్యమా?"

తెల్లారేసరికి బెత్తెడు కాస్తా రెండు వేళ్లయింది.

 నిజంగానే కలిసిపోతాయా? శిరీష అద్దం ముందు నిలబడి చేతులు ఎత్తి చూసుకుంది. ముంజేతుల మీదా అదే దద్దు. మోచేతి పైన జాకెట్ చేతి అంచు దగ్గర, కత్తిరించినట్టు ఆగిపోయింది.

సర్పికి జాకెట్ అంచు ఎలా తెలుసు?

అప్పుడు వెలిగింది. మొన్న బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వుకని బోడుప్పల్ ఖాళీ ప్లాట్లలోకి వెళ్లింది. నడుమెత్తు వయ్యారిభామ కలుపు మొక్కల్లోకి చేతులు దూర్చి కోసింది. కోసిన పువ్వంతా నడుముకు కట్టిన చున్నీ ఒడిలోనే వేసుకుంది.

ఆ చున్నీయే ఇది. ఉతకని చున్నీ. దద్దు మీద మళ్లీ బిగించి కట్టారు!

విప్పి బకెట్లో పడేసింది. బాత్రూమ్ గడియ పెట్టింది.

"ఏం జేస్తున్నవే?" తలుపు దబదబలాడింది.

"స్నానం."

"బొమ్మ చెరిగిందా?"

"పాము పోయింది, కత్తి పోయింది. రెండూ మోరీ నీళ్లల్ల ఈదుతున్నయ్, అత్తమ్మా."

"చస్తవే!"

"చస్తే సబ్బు వాసనతోనే చస్త!"

సబ్బు రెండుసార్లు రాసి, చన్నీళ్లతో కడుక్కుంది. బయటికి వచ్చేసరికి భర్త ధర్మేందర్ బండి తాళం పట్టుకుని తల్లి వైపు చూస్తున్నాడు.

"ఉప్పల్ల చర్మం డాక్టర్ కాడికి తీస్కపోతవా, ఆటో పిలువాల్నా?"

బండి స్టార్టయింది.

డాక్టర్ కామాక్షిది కాకినాడ. నడుము, చేతులు చూసి, కథంతా విని తల ఊపింది. "సర్పి అయితే ఒక పక్కనే వస్తుందమ్మా, మంట, నొప్పి ఎక్కువ. నీది రెండు పక్కలా ఉంది, ఒకటే దురద. ఆ వయ్యారిభామ మొక్క నీ ఒంటికి పడలేదు. కడుక్కుని మంచి పని చేశావు. క్రీము రాసిస్తాను. తడిగుడ్డ వేసుకో, గోకకు. ఆ బట్టలు విడిగా ఉతుకు. కళ్ల దాకా వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే రావాలి."

ఇంటికి రాగానే సంగతి విని బాలనర్సమ్మ విరుచుకుపడింది. "బోడుప్పల్ల అది మా చేనే! జొన్నలు పండించినం. అమ్మినంక ప్లాట్లయినయ్. మా చేన్ల పువ్వుకు విషమేంది?"

"చేను మీదే, అత్తమ్మా. పువ్వు గూడ మీదే. నడుమ మొలిచిన వయ్యారిభామ మీది గాదు."

 బాలనర్సమ్మ రోజూ కోడలి నడుము చూస్తూనే ఉంది. రెండు వేళ్లు మళ్లీ బెత్తెడయ్యాయి. బెత్తెడు జానెడయింది.

సద్దుల రోజు శిరీష మళ్లీ పువ్వుకు బయల్దేరితే ధర్మేందర్ కూడా బోడుప్పల్ వస్తానన్నాడు.

"నిన్ను గూడ గోక్కుంట కూసోవెట్టాల్నా? నీ పొడుగు చేతుల అంగియ్యి, చాలు."

ఆ అంగీ, రబ్బరు తొడుగులు, ముక్కుకు గుడ్డ. వయ్యారిభామ లేని గట్టు చూసుకుని గునుగు కోసింది. పువ్వు బుట్టలో వేసింది. వచ్చీరాగానే బట్టలు నానబెట్టి ఒళ్లు కడుక్కుంది.

సాయంత్రం బతుకమ్మ నెత్తిన పెట్టుకుని గేటు దాటుతుంటే, అరుగు మీద చెన్నయ్య కనిపించాడు. రెండు చేతులూ తువ్వాల కింద దాచుకున్నాడు. తువ్వాల కదులుతోంది.

"చేతులు సూపియ్, పెద్దమామా."

"ఏం లేదు. దోమలు కుట్టినయ్."

"సూపియ్."

తువ్వాల జారింది. చున్నీ బిగించి కట్టిన ఆ చేతులు, వేళ్ల సందుల్లోంచి మణికట్టు దాకా ఎర్రగా పొంగి ఉన్నాయి.

"ఎవరికి జెప్పకు, బిడ్డా."

"గల్లీ మొత్తం జెప్త. నువ్వు గూడ జెప్పాలె. ఇగ ఎవరన్న ఒంటి మీద దద్దుతో వస్తే ముందు సబ్బియ్యి, దవాఖానాకు తోలు. జాజు గిన్నె లోపల పెట్టు."

చెన్నయ్య నోరు తెరిచేలోగా బాలనర్సమ్మ సబ్బు, చెంబెడు నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది.

"కడుక్కో, బావా," అంది. "కోడలికి ఆలస్యమైతుంది."