మార్కుల గడి ఖాళీ

పొడుగాటి కాగితం ఒక బెంచీ మీద నుంచి ఇంకో బెంచీకి వస్తోంది. పేరు, హాల్ టికెట్ నంబరు, ఇంటర్నల్ మార్కులు, సంతకం. మార్కుల గడి మాత్రం అందరికీ ఖాళీ. తిరువూరులోని ఆ డిగ్రీ కాలేజీలో పద్ధతే అంత. పిల్లలు ముందు సంతకాలు పెట్టేస్తారు, ఇరవై ఐదుకి ఎన్నో సార్ తర్వాత నింపుకుంటారు.

సాహెరా పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

"కానివ్వవే, పెనుగొలను బస్సు పోతే నేను ఆరింటిదాకా పడుండాలి," అంది పక్కనున్న శర్వాణి. "నువ్వేమన్నా కలెక్టరమ్మవా, చదివి సంతకం పెట్టడానికి?"

"చదవడానికి ఇందులో ఏముందే?"

పోయిన సెమిస్టర్‌లో ఇలాగే పెట్టింది. దిద్దిన మిడ్ పేపరు మీద ఇరవై రెండు మార్కులు కళ్లారా చూసుకుంది. ఫోన్లో ఫలితాలు వచ్చేసరికి అది పద్నాలుగైంది. అడగబోతే గిరిబాబు సార్ కాగితం తిప్పి చూపించారు. "సంతకం నీదేగా?"

తనదే. పోయిన ఎనిమిది మార్కులకన్నా ఆమెను ఎక్కువ తొలిచింది మరొకటి. ఆ సంతకం చూసి, ఒక్క క్షణం, నిజంగానే తను ఒప్పుకున్నానేమో అనుకుంది. సార్ అబద్ధానికి తన లోపలే ఒక సాక్షి దొరికింది.

కాగితం సార్ చేతికి చేరింది. "ఒకటి తక్కువుందే?"

సాహెరా లేచింది. "నాదండి. మార్కులు వేశాక పెడతాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఏమ్మా, నా మీద నమ్మకం లేదా?"

"నా సంతకం మీద లేదు సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. "పరీక్ష రాయలేదని వేస్తా. యూనివర్సిటీకి అలాగే పోతుంది. అప్పుడేం చేస్తావు?"

సాహెరా బెంచీ దాటి ఆయన బల్ల ముందుకు వచ్చింది.

"వేయండి సార్. నేను చూస్తుండగా వేయండి. దాని పక్కన ఇప్పుడే సంతకం పెడతాను."

ఆయన పెన్ను గడి మీదికి వచ్చి ఆగింది. ఇన్నేళ్లుగా ఆ గడులు నింపేటప్పుడు ఎదురుగా ఎవరూ నిలబడి ఉండరు అనుకుంది సాహెరా.

రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. శర్వాణి సంచి భుజాన వేసుకుంది గానీ కదల్లేదు.

"రాయప్పా!" సార్ అటెండరును కేకేశారు, సాహెరా వైపు చూడకుండా. "బీరువాలో మిడ్ పేపర్లు పట్రా."

"ఆ అమ్మాయిదేనాండి, అందరివీనా?"

సార్ క్లాసు వంక చూశారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

"కట్టంతా తే."

సాహెరా కూర్చోలేదు. పెన్ను మూత కూడా మళ్లీ తీయలేదు.