మార్ అంటే మారు కాదు

డ్రాగన్ బోటంటే బొమ్మ తగిలించిన షికారు పడవ అనుకునేరు! నలభై అడుగుల సన్నటి పడవ అది. పది బల్లలు, బల్లకిద్దరు, ఇరవై తెడ్లు. ముందు డోలు కొట్టే మనిషి, వెనక చుక్కాని పట్టే మనిషి. ఎంత బలమున్నా ఎవరి పాటికి వాళ్లు లాగితే పడవ కదలదు. మొదటి బల్ల మీద ఇద్దరూ ఎలా లాగితే వెనక పద్దెనిమిది మందీ అలాగే లాగాలి. ఆ మొదటి బల్ల మీద రెండేళ్లుగా ఈశ్వరిదే చోటు. అదంటే ఆమెకి ప్రాణం.

దానికి ఎసరు పెట్టింది స్వయానా తమ్ముడి పెళ్లాం నూకమ్మ. టెక్కలి నుంచి ఈ హిందీవాళ్ల ఊరికి కాపరానికొచ్చి ఆర్నెల్లు కాలేదు, హిందీ ముక్క రాదు. "ఇంట్లో ఊరికే కూకుని ఏటి సేత్తావే, రా" అని మాంగో అనే పేట దాటించి డిమ్నా చెరువుకి తీసుకొచ్చింది ఈశ్వరే. తెడ్డు చేతికిచ్చారో లేదో, ఆ పిల్ల లాగిన లాగుడికి కోచ్ బలరామ్ నోరు తెరిచాడు. రాంచీ పోటీకి మొదటి బల్ల మీద ఈమేనన్నాడు. ఈశ్వరిని రెండో బల్లకి జరిపాడు. ఈశ్వరికి కడుపు మండిపోయింది.

బల్ల మీద ఇద్దరూ వైపులు మార్చుకోవాలంటే బలరామ్ "బద్లో" అంటాడు. నూకమ్మకి అర్థం కాదు గనక, వెనక నుంచి ఈశ్వరి "మారు!" అని కేకేసేది. నూకమ్మ టక్కున జరిగేది. నాలుగు రోజులకి ఈశ్వరికి ఒక సంగతి తట్టింది. పందెం చివర్లో, ఇంకా గట్టిగా లాగమని బలరామ్ అరిచేది "మార్!" అని. హిందీలో కొట్టు అని. ఇన్నాళ్లూ నిదానంగా సాగే సాధనే గనక ఆ కేక ఇంకా నూకమ్మ చెవిన పడలేదు. ఆదివారం, రాంచీకి జట్టుని ఖాయం చేసే సెలక్షన్ పందెంలో పడుతుంది.

చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. రేపు చెబుదాంలే అనుకుంది. అలా శనివారం కూడా గడిచిపోయింది. మరిచిపోయిందా? అబ్బే, అన్నం తింటున్నా అదే గుర్తొచ్చేది.

ఆదివారం పడవ దూసుకుపోతుంటే బలరామ్ గొంతు చించుకున్నాడు. "మార్! మార్!"

నూకమ్మ లేచి పక్కకి జరిగింది. పక్కమ్మాయి మీద పడింది. బరువంతా ఒకవైపు ఒరిగి పడవ బోర్లా పడింది. లైఫ్ జాకెట్లుండబట్టి సరిపోయింది, లేకుంటే ఏ తల్లికి కడుపుకోత మిగిలేదో!

గట్టు మీద బలరామ్ నూకమ్మ మీద విరుచుకుపడ్డాడు. "కల్ సే మత్ ఆనా!"

"ఏటంటన్నాడొదినా?" నీళ్లోడుతూ అడిగింది నూకమ్మ. "మారమన్నాడు కదా, మారినాను."

రేపట్నుంచి రావద్దన్నాడని ఎలా చెబుతుంది? ఈశ్వరి బలరామ్ వైపు తిరిగి, తప్పు తనదేనని, పొరపాటున అలా నేర్పానని హిందీలో చెప్పింది. ఆయన చల్లబడ్డాడు. నూకమ్మ చోటు నూకమ్మకే ఉంచాడు. పైగా, తప్పు ఒప్పుకున్నందుకు ఈశ్వరి భుజం తట్టాడు. ఆ తట్టడం ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. సగమే చెబితే సగమే పోతుంది కాబోలు.

"ఏటన్నాడు?" నూకమ్మ తన తువ్వాలుతో ఈశ్వరి తల తుడుస్తోంది.

"నీ తప్పు లేదన్నాడు."

"మరెవులిదట?"

"నాదే. పొరపాటు కాదు నూకీ. నాకు ముందే తెలుసు. తెలిసే సెప్పలేదు."

తుడిచే చెయ్యి ఆగింది.

"ఆ బల్ల కావాలని ఒక్క మాటంటే," అంది నూకమ్మ చివరికి, "నేనే ఇచ్చేసీదాన్ని కదొదినా."