పొగగొట్టం దగ్గర తెల్లగుడ్డ

గుడ్డముక్క మరీ తెల్లగా ఉంది. ఆమెకు అనుమానం వచ్చింది అక్కడే.

నలభై ఏళ్లుగా కుట్టుమిషన్ తొక్కుతున్న మనిషి. ఆమె దుకాణంలో మిగిలిన తెల్లగుడ్డ పేలికలన్నీ తమ్ముడు పట్టుకుపోయేవాడు. నెలకోసారి తన పాతకారు స్టార్ట్ చేసి, పొగగొట్టం దగ్గర ఒక ముక్క పట్టుకుని, పడిన మరక పక్కనే పెన్సిల్‌తో తేదీ వేసి కారు ముందు అరలో దాచేవాడు. "దీని జ్వరం చీటీ అక్కా ఇది," అనేవాడు. తమ్ముడు పోయి ఏడు నెలలైంది. కారు ఆమె చేతికి వచ్చింది. దానితోపాటే ఆ అలవాటూ వచ్చింది.

కారుకు యాభై ఎనిమిదేళ్లు. మర్నాడు ఉదయం పొగ పరీక్ష. అందులో తప్పితే బండిని రోడ్డెక్కనివ్వరు, తుక్కు కిందికి పంపాల్సిందేనని రెండుసార్లు నోటీసు వచ్చింది. అందుకే వారం కిందట మెకానిక్‌కు అప్పగించింది. ఆయన తమ్ముడికి చిన్ననాటి స్నేహితుడు. స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బు చెప్తాడని అందరూ ఆయన్ని డాక్టర్ అంటారు.

ఇవాళ ఆయన షెడ్డులోనే పాత ముక్కలు తీసి బానెట్ మీద వరసగా పరిచింది. ఏటికేడాది బూడిదరంగు ముదురుతూ వచ్చింది. చివరన ఇవాళ్టిది, ఉతికి ఆరేసినట్టు.

"ఏం చేశావయ్యా దీన్ని?"

"చేయాల్సిందే చేశాను," అన్నాడు డాక్టర్, నిమ్మకు నీరెత్తినట్టు చేతులు తుడుచుకుంటూ. "పొగ పోయిందిగా అక్కా. ఇంకేం కావాలి?"

"వాల్వ్ సీళ్లు మార్చావా?"

"ఆ... అదే అనుకో."

అనుకోవడమేమిటి? ఆమె కారు అరలో చెయ్యి పెట్టింది. నూనె లోపలికి కారకుండా ఆపే ఆ రబ్బరు సీళ్ల పొట్లం అక్కడే ఉంది. తమ్ముడు ఎక్కడెక్కడో వెతికి తెప్పించుకున్న పొట్లం అది. ఆమె దగ్గరే ఎర్రదారం అడిగి కట్టాడు. ఆ ముడి అలాగే ఉంది.

ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగింది. దాని కొసన నూనె చుక్క పడనా వద్దా అన్నట్టు వేలాడింది. తేనెకంటే చిక్కగా ఉంది. బల్ల కింద, నూనెను చిక్కబరిచే జిగురు మందు ఖాళీ డబ్బా కూడా కనిపించింది. అరిగిన ఇంజన్లో ఆ జిగురు పోస్తే ఒకటి రెండు రోజులు పొగ కనబడదు. తర్వాత మళ్లీ మామూలే. పైగా పొద్దున్నే చల్లటి ఇంజన్లో ఆ జిగురు పైదాకా ఎక్కేలోపు ఇంజన్ పై సామానంతా ఎండిపోయి అరుగుతుంది. ఇలాంటి డబ్బానే ఒకసారి ఎవరో తెచ్చిస్తే తమ్ముడు వీధిలోకి విసిరేశాడు. ఆ రోజు పక్కన నిలబడి "బాగా చేశావురా" అన్నది ఈ డాక్టరే.

"లోకంలో జనం మసిపూసి మారేడుకాయ చేస్తారు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నువ్వు మసి తుడిచి చేశావు."

"పరీక్ష గట్టెక్కితే చాలని..."

"ఎవరికి చాలు? వాడు ఉంటే నీకు ధైర్యం చాలేదా ఈ పని చెయ్యడానికి?"

డాక్టర్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "అసలు పిస్టన్ రింగులు కూడా అరిగిపోయాయక్కా. ఇంజన్ మొత్తం విప్పాలి."

"నాకు చెప్పకు. రోజూ నడిపేది నేను. రింగులైతే ఎత్తు ఎక్కేటప్పుడు పొగ కక్కాలి, పెద్దగా రాదు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒకసారి గుప్పుమంటుంది. వంతెన దిగుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, కింద మళ్లీ తొక్కితే అద్దంలో వెనక బండి కనబడదు. అది సీళ్ల జబ్బే. వాడు చెప్పాడు. నువ్వూ ఒప్పుకున్నావు."

ఆయన రెండు చేతులూ ఆమె ముందు చాపాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"వాల్వ్ స్ప్రింగు ఊడకుండా పట్టి ఉంచే బియ్యపుగింజంత లాకులు రెండుంటాయి. అవి తీస్తేగాని పాత సీలు రాదు. పోయిన నెల ఒకరి బండిలో లాకు లోపలికి జారవిడిచాను. అప్పటినుంచి ఇంజన్ పైమూత విప్పలేదు."

ఆమెకు జాలి కలగాలి. కోపమే ఇంకాస్త పెరిగింది.

"ఆ ముక్క నాతో అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? ఏడు రోజులు! నేనేమన్నా పరాయిదాన్నా?"

"డాక్టర్ చేతులు వణుకుతున్నాయంటే ఎవరొస్తారక్కా?"

ఆమె చేతులు కడుక్కుని, మెడలో వేలాడుతున్న కళ్లద్దాలు పెట్టుకుంది. "ముందు ఆ జిగురంతా వంపెయ్. తర్వాత ఏం కావాలో చెప్పు."

"మెత్తటి తాడు కావాలి. ప్లగ్గు తీసి ఆ కంతలోంచి లోపలికి కూరి పిస్టన్ పైకి తెస్తే, వాల్వు కిందికి జారకుండా ఆనుకుంటుంది."

వీధి దాటి తన దుకాణంలోంచి నాడా ఉండ పట్టుకొచ్చింది.

"పైజమా నాడానా?" డాక్టర్‌కు నవ్వు ఆగలేదు. "ఇంజన్ ఊడిపోకుండా ముడి వేస్తావా?"

"ముందు నీ నోటికి వేస్తాను. పని చూడు."

పొట్లం విప్పేటప్పుడు కత్తెర చేతికి అందేంత దూరంలోనే ఉంది. అయినా గోటితో ముడి విప్పి, దారం చుట్టి జేబులో వేసుకుంది.

ఎనిమిది వాల్వులు. డాక్టర్ మీటతో స్ప్రింగు అణచి పట్టేవాడు. అణచడానికి బలం చాలు, అది ఆయన దగ్గర ఉంది. ఆమె పట్టకారుతో లాకులు తీసి, గట్టిపడి పెళుసైన సీలు ఊడబీకి, కొత్తది తొడిగి, లాకులకు గ్రీజు అద్ది మళ్లీ కూర్చోబెట్టేది. "అది కాదక్కా, ఇంకొంచెం కిందికి." "కనబడుతోంది, మీద పడకు." మూడోదాని దగ్గర లాకు ఎగిరి కనబడకుండా పోయింది. ఇద్దరూ వెతికితే డాక్టర్ చొక్కా మడతలో దొరికింది. ఎండ వాలేసరికి మూత బిగించి మామూలు నూనె పోశారు.

ఉదయం డాక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, వంతెన దిగుతూ కాలు తీసింది. కింద తొక్కి అద్దంలోకి చూసింది. పల్చటి నీలిపొర లేచింది. దాని వెనక బండి నడిపేవాడి మీసం కూడా కనబడుతోంది.

పరీక్ష ఉద్యోగి గొట్టంలో పెట్టిన మీటరు చూసి, "హద్దు లోపలే ఉంది. కానీ కొంచెం పొగ ఉందమ్మా," అన్నాడు.

"ఉంటుంది బాబూ. వయసైంది," అంది.

ముద్ర వేసి కాగితం ఇచ్చాడు. బయటికి రాగానే ఆమె పొగగొట్టం దగ్గర కొత్త గుడ్డముక్క పట్టింది. లేత బూడిద మరక పడింది. మూడేళ్ల కిందటి మరక రంగు. ముక్కనూ పెన్సిల్‌నూ డాక్టర్ చేతిలో పెట్టింది.

"తేదీ వెయ్యి."

"నా రాత వంకరగా వస్తుందక్కా."

"రానీ. ఉన్నదే కదా కనబడుతుంది."

ఆయన వేశాడు. అంకెలు తాగినవాళ్లలా ఒకదానిమీద ఒకటి వాలాయి. తర్వాత ఆమె నిన్నటి తెల్లముక్క తీసింది.

"అది పారేద్దాం," అన్నాడు డాక్టర్.

"పారేసేదేం లేదు. దీనిమీద కూడా నిన్నటి తేదీ వెయ్యి. పక్కన 'చిక్కటి నూనె' అని రాయి. వాడి లెక్కలో దొంగముక్క కలవకూడదు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. బానెట్ మీద గుడ్డ పరిచి, వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, ఆయన నెమ్మదిగా రాయడం మొదలుపెట్టాడు.