బర్రె రాయి, బదులు తీగ

మామిడిపల్లి దశరథం ఒక మంగళవారం సాయంత్రం రెండు ఊళ్ల ఇంటర్నెట్‌ను ముప్పావు గంటసేపు తన కుడి భుజం మీద మోశాడు. ఇది మాటవరసకు అన్నది కాదు. భుజం ఉంది, భుజం మీద తీగ ఉంది, తీగలో ఇంటర్నెట్ ఉంది. ఆయనే లేకపోతే ఆ రోజు పన్నెండు మంది ఆడవాళ్ల దరఖాస్తులు గాలికి పోయేవి. అందులో ఒకటి ఆయన కోడలు సరితది.

రెండు వేల పన్నెండో సంవత్సరం. శంషాబాద్ విమానాశ్రయం వచ్చి నాలుగేళ్లయినా, విమానం నెత్తిమీద నుంచి పోయిన ప్రతిసారీ దశరథం తువ్వాల గట్టిగా పట్టుకునేవాడు. సరిత డిగ్రీ చదివింది, ఇద్దరు పిల్లల తల్లి. సర్కారు కొలువుకు ప్రకటన పడింది. వచ్చే నెలతో ఆమెకు వయసు దాటిపోతుంది, మళ్లీ పెట్టుకునే వీలులేదు. దరఖాస్తు ఇంటర్నెట్‌లోనే పెట్టాలి. గడువు ఆ మంగళవారం సాయంత్రం ఐదు గంటలు.

మొదటిరోజే పెడతానని ఆమె అంటే అడ్డుపడ్డది దశరథమే. “పెండ్లిల మొదటి బంతికి ఉరుకొద్దు బిడ్డా. ఆఖరి బంతికి కూసుంటె నిమ్మలంగ వడ్డిస్తరు.”

ఆఖరి బంతికి విస్తరాకులే కరువయ్యాయి. శంషాబాద్ ఇంటర్నెట్ సెంటర్ల ముందు పొద్దుటి నుంచీ బారులు. చివరికి సొంతూరు మామిడిపల్లిలోనే జగదీశ్ సెంటర్లో కూర్చుంది సరిత. జగదీశ్‌ది ముప్పై ఏళ్ల వయసు. సెంటర్ కాక, ఊళ్లో రెండు వందల ఇళ్లకు నెట్ తీగ లాగినవాడు.

పదకొండున్నరకు సరిత వంతు వచ్చింది. వివరాలన్నీ నింపింది. ఫొటో ఎక్కుతోంది. తెరమీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. జగదీశ్ లేచి గోడమీది డబ్బా చూశాడు. ఎర్ర దీపం.

“రోడ్డు మీద ఏడనో తీగ తెగింది,” అంటూ కంపెనీకి ఫోన్ కొట్టాడు. తీగ అతికే మనుషులు రాజేంద్రనగర్ అవతల ఇంకో పనిలో ఉన్నారట. ఏడు దాటితే గానీ రారట.

రెండు గంటలకు దశరథం వచ్చేసరికి సరిత సర్టిఫికెట్లు ఒక్కొక్కటే కవర్లో పెట్టుకుంటోంది. ఏడ్చినా బాగుండేది, ఆమె ఏడవలేదు. “ఆఖరి బంతి మామా,” అన్నది, అంతే. దశరథం జగదీశ్ వైపు తిరిగాడు.

“పక్కూరు జల్‌పల్లిల నెట్ ఉన్నదా తమ్మీ?”

“ఉంటది తాతా. ఆడ నెట్ నడిపే శివది వేరే కంపెనీ, తీగ వేరే దిక్కు నుంచి వస్తది.”

“ఇంకేంది? అడుగు.”

“సచ్చినా అడగ!”

రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. రెండు ఊళ్ల నడుమ కొత్త కాలనీలో శివ ఖాతాదార్లను నలభై ఇళ్లు జగదీశ్ ఎగరేసుకుపోయాడు. ఆ కాలనీలో ఒక గల్లీకి ఇటు జగదీశ్ తీగ, అటు శివ తీగ, పంచాయితీలో ఎదురెదురుగా కూర్చున్న వియ్యంకుల్లా ఉంటాయి.

“సచ్చుడెందుకు, నేనడుగుత. బండి తియ్యి.”

దారిలో నెత్తిమీదికి విమానం వచ్చింది. దశరథం వెనక నుంచి జగదీశ్ వీపు మీద చరిచాడు. “దాన్ని దాటియ్ తమ్మీ!” దాటలేదు గానీ, విమానం కూడా కొంచెం కంగారు పడే ఉంటుంది.

జల్‌పల్లిలో శివ జగదీశ్‌ను చూసి ముఖం తిప్పుకున్నాడు. దశరథాన్ని చూసి మాత్రం కుర్చీ వేశాడు.

“నా లైన్ వీనికెందుకియ్యాలె తాతా? ఎవడన్న పోటీగానికి తన బాయి నీళ్లు ఇస్తడా?”

“మీ అమ్మ రాములమ్మ మా మడిల ఎన్ని నాట్లేసిందో ఎరుకేనా? మా ఇంటామె దుర్గవ్వ మీ మడిల ఎన్ని ఏసిందో? ఒక్కరోజన్న కూలి ఇచ్చుకున్నరా? ఈయాల నాకు, రేపు నీకు. దాన్ని బదులంటరు. నీ తీగ తెగ్గొట్టే జేసీబీ ఇంకా పుట్టలేదనుకుంటున్నవా కొడుకా?”

దశరథం ఇంకో ఎత్తు వేశాడు. ఫోన్ తీసి కోడలికి చేశాడు. “బిడ్డా, ఆటో ఎక్కి గిట్ల రా. ఈడ నెట్ ఉన్నది. నీదొక్కటి కానిద్దాం.”

ఫోన్లో సరిత గొంతు అందరికీ వినబడింది. “నేనొక్కదాన్నే వస్తె ఈడ కూసున్న పదకొండు మంది ఏం గావాలె మామా? ఒకామె సంకల పిల్లనేసుకొని కుంట్లూరు నుంచి వచ్చింది. నేను రాను.”

శివ దశరథాన్నే అడిగాడు. “రేపు నాది తెగితే?”

“జగదీశు మోస్తడు.”

“వాన్నే అననీ.”

జగదీశ్ గుటక మింగాడు. “మోస్త అన్నా.”

“తీగ చుట్ట ఎత్తుకో అయితే,” అన్నాడు శివ. పోతూ పోతూ అడిగాడు. “అసలు నీ తీగ తెంపిన తలకాయలేనోడు ఎవడు?”

ఎవరికీ తెలియదు.

కాలనీ గల్లీలో శివ చుట్ట విప్పాడు. నల్లటి తీగ, చిటికెన వేలంత లావు. దశరథం దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. తీసుకున్న చెయ్యి తీసుకున్నట్టే ఆగిపోయింది.

ఇక్కడ మొదట్లో చెప్పుకున్న గొప్పను కాస్త దించుకోవాలి.

ఆ రోజు పొద్దున దశరథం విమానాశ్రయంలో పనిచేసేవాళ్లకు కిరాయికివ్వడానికి కడుతున్న గదులకు బోరు నుంచి పైపు వేయడానికి, రోడ్డుపక్కన జేసీబీతో కాలువ తీయించాడు. పదకొండున్నర ప్రాంతంలో బకెట్‌కు నల్లటి వేరు ఒకటి తగిలి పుటుక్కున తెగింది. “వేప వేరు, గుంజెయ్,” అన్నాడు దశరథమే. దగ్గరలో వేపచెట్టు లేదు. మరి కంపెనీవాళ్లు అక్కడ గుర్తు రాయి పాతలేదా? పాతారు. “కింద కేబుల్ ఉంది, తవ్వరాదు” అని తెలుగులోనే రాసి పాతారు. నడుం ఎత్తు, గుండ్రంగా, నునుపుగా చక్కని రాయి. పోయిన ఎండాకాలం దశరథం దాన్ని ఇంటికి తెచ్చి కొట్టంలో పాతి, బర్రెను కట్టేశాడు. చదువు రాక కాదు. ఐదో తరగతి పాసైనవాడు, చదివే తెచ్చాడు. రాయి తనతో వచ్చేసింది కాబట్టి కేబుల్ సంగతి ఇక తన బర్రె చూసుకుంటుందనుకున్నాడు.

అందుకే, గల్లీకి ఇటువైపు స్తంభం లేదు, తీగ కిందికి వేలాడుతుంది, నీళ్ల ట్యాంకర్లు తెంపుతాయి, ఎవరైనా ఎత్తి పట్టుకోవాలి అని శివ అన్నప్పుడు, డెబ్బై ఏళ్ల దశరథం మారుమాట లేకుండా ప్రహరీ గోడ ఎక్కి తీగను భుజానికెత్తుకున్నాడు.

నాలుగు గంటలకు తీగ కలిపారు. మరుక్షణం జల్‌పల్లిలో కూడా నెట్ పోయింది.

“ముంచినవు కదర!” శివ అరిచాడు.

“నేనేం జేసిన అన్నా!”

శివ తన కంపెనీ ఇంజినీరుకు ఫోన్ చేశాడు. జగదీశ్ తన కంపెనీ ఇంజినీరుకు చేశాడు. రెండూ ఒకదాన్నొకటి మింగాలని చూసే కంపెనీలు. అయినా ఆ ఇంజినీర్లిద్దరూ ఒకే కాల్‌లోకి వచ్చి, “ఏం భాయ్, బాగున్నవా,” అని పలకరించుకున్నారు. ఎవరి లైను తెగినా వాళ్లిద్దరూ మాట్లాడుకుని దారి మళ్లించుకోవడం మామూలేనట.

“పైన వాళ్లు గిట్ల కలిసే ఉన్నరు,” అన్నాడు జగదీశ్ నోరు తెరిచి.

“కింద మనమే కొట్టుకుంటున్నం,” అన్నాడు శివ.

తప్పు తెలిసింది. జగదీశ్ డబ్బా తన దగ్గర సిటీకి దారి ఉందని ఇంకా చాటింపు వేస్తోంది. శివ డబ్బా దాన్ని నమ్మి, జల్‌పల్లినంతా ఆ తెగిన తీగలోకి తోలుతోంది.

గోడమీద నుంచి దశరథం అరిచాడు. “తెగిన కాల్వకు తూము తెరిస్తె రెండు ఊళ్ల నీళ్లు వాగులనే పోతయిరా! ముందు ఆ తూము మూయుండ్రి!”

“గంతే తాతా!” ఫోన్లోంచి ఇంజినీరు నవ్వాడు.

మూశారు. జల్‌పల్లికి నెట్ వచ్చింది. ఊపిరి రెండుసార్లు పీల్చేంతలో మామిడిపల్లి సెంటర్లో దీపం పచ్చబడింది. ఫోన్లో ఆడవాళ్ల కేక వినబడితే దశరథం గోడమీద గంతు వేయబోయి ఆగాడు. గంతు వేస్తే తీగ పడుతుంది. శివ తన ఊరి ఇళ్లన్నిటికీ ఫోన్లు తిప్పాడు. “ఐదు దాకా సినిమాలు ఆపుండ్రి అక్కా, ఆడపిల్లల దరఖాస్తులు పోతున్నయి, జర దారియ్యుండ్రి!” రెండు ట్యాంకర్లు వచ్చాయి. రెండుసార్లూ దశరథం వేళ్లమీద లేచి తీగను ఆకాశానికెత్తాడు. భుజం కాలింది, తర్వాత మొద్దుబారింది. ఒక్కొక్క పేరూ పోతోంది. సరిత అందరినీ ముందు కూర్చోబెట్టింది. నాలుగు యాభై ఎనిమిదికి ఆమె దరఖాస్తు నంబరు వచ్చింది.

“వచ్చింది మామా!”

“నిమ్మలంగ వడ్డించిండ్రా బిడ్డా?” అన్నాడు దశరథం. అప్పుడు ఏడ్చింది సరిత, ఆయన కూడా.

చీకటి పడే వేళకు తీగ అతికే ఐలయ్య అందరితో కలిసి తెగిన చోటికి వచ్చి, గుర్తు రాయి ఎక్కడా లేదే అని వెతికాడు. దుర్గవ్వ కొట్టం వైపు చెయ్యి చూపింది. “మా బర్రెకు కట్టింది చూడు, దానిమీద ఏదో రాసున్నది. మా ఆయన అది దేవుని రాయి అన్నడు.”

శివ, జగదీశ్ ఇద్దరూ దశరథం వైపు తిరిగారు.

“తలకాయలేనోడు ఎవడని అడిగినవు కదా శివా,” అన్నాడు దశరథం, “గీడ నిలబడ్డడు.”

మరునాడు పొద్దున ఆ రాయిని ఆయనే భుజం మీద పెట్టుకుని పోయి రోడ్డుపక్కన పాతాడు. ఎడమ భుజం మీద. గల్లీకి అడ్డంగా వేసిన తీగను ఎవరూ తీయలేదు, దానికో స్తంభం వేశారు. వానాకాలంలో శివ లైన్ పోతే జల్‌పల్లిని జగదీశ్ మోశాడు. బర్రె మాత్రం ఇప్పటికీ తాడు తెంపుకుంటే తిన్నగా రోడ్డుపక్క రాయి దగ్గరికే పోయి నిలబడుతుంది.

ఇందులో కల్పించినది ఒకటుంది, ఒప్పుకోక తప్పదు. రాయి నిజం, బర్రె నిజం, భుజం నిజం. నాలుగు యాభై ఎనిమిది మాత్రం అబద్ధం. సరిత దరఖాస్తు నాలుగుంపావుకే, అందరికన్నా ముందే పోయింది, ఆ పదకొండు మందే ఆమెను బలవంతంగా మొదట కూర్చోబెట్టారు. కానీ ముప్పావు గంట మిగిలిన కథను ఎవరు వింటారు?