ఉప్పలయ్య డబ్బా

బైలాడిలా ఇనుప గని కొండ మీద నేను నడిపే క్యాంటీన్‌లో ఖాళీ డబ్బాలన్నీ చదరంగానికే పోయాయి. దీనికంతటికీ కారకుడు సీతారాములు. ఖనిజం పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసే ఈ కాకినాడ మనిషికి, కంటపడ్డ ప్రతిదాన్నీ వేరుచేసి పేరు పెట్టకపోతే తిన్నది అరగదు. ఇక్కడ ఎవరు ఆడినా మొదటి ఎత్తులు చీటీ మీద రాసుకుని, వాటి పేరేమిటో పుస్తకంలో వెతికి, ఆ పేరున్న డబ్బాలో వేస్తాడు. నా టీపొడి డబ్బా సిసిలియన్ అయింది, చక్కెర డబ్బా ఫ్రెంచ్ అయింది. పేరు కింద నంబరు కూడా వేస్తాడు. పేరు దొరకనివన్నీ ఉప్పు డబ్బాలోకి. దాని మీద ‘చిల్లర’ అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది.

ఖనిజం మోసే డంపర్ నడిపే ఉప్పలయ్య ఆటలన్నీ ఆ చిల్లరలోనే పడేవి. ఆట మొదలవగానే రెండు గుర్రాలనూ చెరో అంచుకు తోలేస్తాడాయన. ఆ పుస్తకంలో దానికి పేరు లేదు. రేపు రిటైరై తన ఊరు కిష్టారం వెళ్ళిపోతాడనగా సీతారాముల్ని అడిగాడు.

“సారూ, నా ఎత్తుకు నా పేరు పెట్టి ఓ డబ్బా ఇయ్యరాదు?”

“దాంతో ఒక్కసారైనా గెలవాలి కదండీ.”

“ఈడ కొండకు నంబరు, బండికి నంబరు, నాకు టోకెన్ నంబరు. ఒక్కదానికన్నా నా పేరుంటే సూసి పోదామని.”

“సరే, ఇవాళ నా మీద గెలవండి. పెడతాను.”

మా క్యాంటీన్‌లో ఒక పద్ధతుంది. గనిలో పేలుళ్ళకు ముందు సైరన్ మోగగానే బోర్డు మీంచి చేతులు తీసేయాలి. కొండ అదిరాక పావులు ఎక్కడుంటే అక్కడినుంచే ఆట. కిందపడింది చచ్చినట్టే. ఒకసారి ఉప్పలయ్య మంత్రి దొర్లిపడితే సీతారాములు జాలి లేకుండా జేబులో వేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఉప్పలయ్యకు రాజూ రెండు గుర్రాలే మిగిలాయి. అప్పుడే సైరన్ మోగింది. కొండ అదిరింది. బోర్డు మూలనున్న సీతారాములు రాజు దొర్లి, బల్ల కిందున్న నా పప్పు గిన్నెలో పడింది.

“రాజు పడితే లెక్కలోకి రాదండీ,” అన్నాడు సీతారాములు.

“మంత్రి పడితే లెక్క, రాజు పడితే కాదా? ఏంది సారూ నీ న్యాయం?” అన్నాను.

ఉప్పలయ్యే తల అడ్డంగా ఊపాడు. “వద్దులే సోమక్కా. గెలిపిచ్చింది గని. నేను కాదు.”

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. “ఇన్నేండ్లు ఆ గనికి నువ్వు మోసినవు ఉప్పలన్నా. ఒక్కపాలి అది నీకు మోస్తే తప్పేంది?”

సీతారాములు పప్పులోంచి రాజును తీసి కడిగి పెట్టాడు. నేను కారం డబ్బా ఖాళీచేసి ఆయన ముందు పెట్టాను. దాని మీద గుండ్రటి అక్షరాలతో ‘ఉప్పలయ్య’ అని రాశాడు. అలవాటు ఊరుకోదు కదా, కింద తొమ్మిది అని నంబరు వేశాడు.

ఉప్పలయ్య కళ్ళజోడు పెట్టుకుని తన పేరు నిదానంగా చదువుకున్నాడు. తర్వాత సిరా ఆరకముందే ఆ నంబరును బొటనవేలితో తుడిచేశాడు.