కొట్టుకుపోయిన బూడిద పొర

రాతి కడ్డీలను ఆమె మళ్లీ కొలిచింది: పెట్టె మీద రాసిన లోతు కంటే లోపలున్న రాయి బారెడు తక్కువగా ఉంది.

చల్లారిన అగ్నిపర్వతంలో సొరంగం తవ్వేముందు డ్రిల్లింగ్ చేసి తీసిన నమూనాలవి. వాటిని చూసే, సొరంగం పైనంతా గట్టి లావా రాయేనని గని జియాలజిస్టుగా ఆమె రాసిచ్చింది. ఆ మాట నమ్మి రాగి కోసం లోపలికెళ్లిన భర్త మీద కప్పు కూలింది. అప్పట్నుంచి గనిలో అందరి వేళ్లూ ఆమె వైపే.

కడ్డీలు కడిగి పెట్టెల్లో సర్దేది మామగారు.

"మామయ్యా, రాయి దొరకని చోట చెక్కముక్క పెడతాం కదా. ఇక్కడేదీ?"

"డ్రిల్లర్ మర్చిపోయుంటాడమ్మా. వాడి తల మెడ మీదుందంటేనే గొప్ప."

"కాదు. రాళ్లు దగ్గరికి జరిపారు. అంచులు అతకట్లేదు."

ఆయన చేతిలోని నీళ్ల పైపు కట్టేసి కింద పెట్టాడు.

"నేనేనమ్మా జరిపింది. మధ్యలో బూడిద పొర, పిండిలా ఉంది. పైపు జోరుగా పెట్టాను, కొట్టుకుపోయింది. కోడలి చేత చీవాట్లేం తింటాంలే అని కనబడకుండా కలిపేశాను. ఆ రోజు నీతో నాలుగు మాటలు పడుంటే, నా కొడుకు బతికుండేవాడు తల్లీ."